నేరియో గారి అమ్మ వండిన రగూ

నేరియో తుబెర్తీనీ బొలోన్యా సిటీ బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. యూనిఫారం వెనక్కి ఇచ్చేశాడు గానీ తనిఖీ బుద్ధిని ఎవరూ వెనక్కి అడగలేదు కనక దాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఒకప్పుడు బస్సెక్కి ప్రయాణికుల మొహాల్లో దొంగతనం వెతికేవాడు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఇవోన్ హోటల్లో కూర్చుని పళ్ళెంలో తప్పులు వెతికేవాడు. బస్సుల్లో అప్పుడప్పుడూ టిక్కెట్టున్నవాళ్ళు కూడా తగిలేవాళ్ళు. ఇవోన్ హోటల్లో మాత్రం నిర్దోషి అయిన పళ్ళెం ఆయనకి ఒక్కటీ తగల్లేదు.

ఆ హోటలు రైల్వే స్టేషన్ వెనకాల, బొలోన్యీనా పేటలో ఉంది. బల్లల మీద కాగితాలు పరిచి ఉంటాయి. ఫ్రిజ్ మీద టీవీ ఎవరూ వినకపోయినా వాగుతూనే ఉంటుంది. మెనూ అంతా ఇవోన్ నోట్లో ఉంటుంది, ఆవిడ చెప్పింది విని ఉన్నది తినాలి. వంట ఆవిడ తమ్ముడు లెయార్కోది. లెయార్కో నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున్నే వచ్చి వంటింట్లో దూరితే సాయంత్రం షట్టరు దించేటప్పుడే బయటికొచ్చేది. పేటలో సగంమంది అతని వంట తిని పెరిగారు గానీ అతని గొంతు ఎలా ఉంటుందో చాలామందికి తెలీదు.

నేరియో కూర్చునేది వంటింటి తలుపు పక్కనున్న చిన్న బల్ల దగ్గర. రుమాలు కాలర్లో దోపుకుని, ఇవోన్ తెచ్చిపెట్టిన తల్యతెల్లెని ఫోర్కుతో పైకెత్తి, ఆ గుడ్ల పిండి రిబ్బన్లని వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసేవాడు. పైనున్న రగూని, అదే, గంటల తరబడి మగ్గిన ఆ కీమా గుజ్జుని, ఓసారి వాసన చూసేవాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు పక్క బల్లల వాళ్ళు నమలడం ఆపేవాళ్ళు.

"పాపం," అనేవాడు కళ్ళు తెరిచి. "లెయార్కో ఇవాళ ఏదో తొందరలో ఉన్నట్టున్నాడు."

లేకపోతే, "పాపం, ఉల్లిపాయని చంపేశాడు." లేకపోతే ఇంకోటి. ఏదైనా సరే, చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే. "మా అమ్మ రగూ తిన్న నాలుక ఇది. నేనేం చెయ్యను?"

ఈ తీర్పుల మూలంగా హోటల్లో అందరూ ఆయన్ని, చర్చిలో పెద్ద గురువుల్ని పిలిచినట్టు, కార్డినల్ గారని పిలిచేవాళ్ళు. అది వెక్కిరింపని ఆయనకి తట్టలేదు. ఇవోన్‌కి ఆయనంటే కాలి కింద ఆనెకాయతో సమానం. నొప్పే గానీ, అలవాటైన నొప్పి. వంటింట్లో లెయార్కో మాత్రం ఒంటిగంట కొట్టేసరికి గరిటె పట్టుకుని తలుపు వెనక నిలబడేవాడు. "పాపం" అన్న మాట వినపడగానే తల దించుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

అమ్మ మాట హోటల్లో మొదలైంది కాదు. ఇరీదేని పెళ్ళి చేసుకున్న మొదటి ఆదివారం నుంచీ నేరియో ఇంట్లో అదే పాట. ఆయన తల్లి ఎర్మీనియా పెళ్ళికి ముందు సంవత్సరమే పోయింది. ఇరీదే ఆవిణ్ణి చూడనే లేదు. చూడని అత్తగారితో వంటలో పోటీ పడటం ఏ కోడలికీ సాధ్యమయ్యే పని కాదు. బతికున్న అత్తగారు ఎప్పుడో ఒకరోజు ఉప్పు ఎక్కువేస్తుంది. పోయిన అత్తగారికి చెయ్యి తప్పడమన్నది ఉండదు. ఇరీదే ఏళ్ళ తరబడి మాంసం మార్చింది, గిన్నె మార్చింది, కసాయి కొట్టు మార్చింది. చివరికి ఒక ఆదివారం, "బాగానే ఉంది, కానీ..." అని నేరియో మొదలెట్టగానే, రగూ గిన్నె గిన్నెంతా చెత్త తొట్లో వంపేసి, "వెళ్ళి మీ అమ్మ దగ్గరే తిను," అని పెట్టె సర్దుకుని రిమినీలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. సముద్రపు గాలి పీల్చమని డాక్టరు చెప్పాడని నేరియో పేటంతా చెప్పుకున్నాడు. పేట తలూపింది. ఆ గాలి ఇంకా చాల్లేదేమో, ఆవిడ తిరిగి రాలేదు. ఆయన ఇవోన్ హోటలుకి అలవాటు పడ్డాడు.

ఇదిలా సాగుతుండగా బెల్జియం నుంచి అక్క జైరా ఫోను చేసింది.

జైరా ఇరవయ్యేళ్ళప్పుడే పెళ్ళి చేసుకుని షార్లెరువా వెళ్ళిపోయిన మనిషి. మొగుడు గాజు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన పోయి ఆర్నెల్లయింది. "ఒక్కదాన్నీ గోడలు చూస్తూ కూర్చోలేకపోతున్నాన్రా. రెండు వారాలు నీ దగ్గరుండి పోతాను," అంది. నేరియోకి ముందు సంతోషమేసింది, ఆ వెనకాలే గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే అమ్మ చేతివాటం అక్కకి వచ్చిందని, షార్లెరువాలో మేయరు కూడా ఆవిడ రగూ కోసం వీధి చివర కారాపుకుని నడిచొస్తాడని ఆయన హోటల్లో ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు. జైరాకి తెలిసిన వంటల్లా డబ్బా మూత తియ్యడం.

దిగిన మొదటి రోజే ఆవిడ అడిగింది. "ఫోన్లో ఎప్పుడూ చెబుతుంటావే, ఆ హోటలుకి తీసుకుపోవేంరా?"

"అది మూసేశారక్కా. పైపులు పగిలాయి."

మొదటి రోజు రైల్వే స్టేషన్లో బ్రెడ్డు ముక్కలు తిన్నారు. రెండో రోజు ఊరి బయట బజారు సముదాయంలో ట్రేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అక్కడ ఉడికిన క్యారట్లు తిని జైరా, "ఇది ఆస్పత్రి తిండిలా ఉందిరా," అంది. మూడో రోజుకి నేరియో నాలుక తట్టుకోలేకపోయింది. నిందించడానికి లెయార్కో వంట లేక రెండు రోజులుగా ఆయనకి తిన్నది ఒంటబట్టడం లేదు. మోకాలి డాక్టరు దగ్గరికెళ్ళి వస్తానని చెప్పి, పేటలో రెండు చుట్లు తిరిగి, ఒంటిగంటకి ఇవోన్ హోటలు తలుపు తోశాడు.

అప్పటికే జైరా లోపల ఉంది.

ఆవిడకి ఇంట్లో పొద్దుపోక వీధిలోకి వచ్చిందని, ఉల్లిపాయ వేగుతున్న వాసన పట్టుకుని నడిచొచ్చి ఇదే ఆ హోటలని తెలియకుండా కూర్చుందని నేరియోకి తర్వాత తెలిసింది. అప్పటిదాకా జరిగినదంతా కూడా ఒరియానోయే ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఒరియానో బస్సు డిపోలో మెకానిక్కుగా చేసినవాడు, నేరియోకి పాత స్నేహితుడు, ఎదుటివాడి పరువు పోతుంటే దగ్గరుండి చూడాలనుకునే రకం. జైరా కూర్చున్నది అతని బల్ల దగ్గరే.

ఇవోన్ తల్యతెల్లె తెచ్చి పెట్టింది. జైరా ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది. ఆ హోటల్లో కళ్ళు మూసుకోవడమంటే ఏమిటో తెలిసిన ఇవోన్ వెళ్ళబోతున్నది అక్కడే ఆగింది.

"ఏమన్నా తక్కువైందా అమ్మా?"

"తక్కువా? ఇలాంటిది తిని ఎన్నేళ్ళయిందో గుర్తు చేసుకుంటున్నానమ్మాయ్. మా ఇంట్లో ఎప్పుడూ లేదులే. మా అమ్మ వంట గురించి చెబితే నువ్వు హోటలు మూసుకుని నవ్వుతావు."

చెప్పింది. పొయ్యి మీద గిన్నె పెట్టి నిలబడే నిద్రపోయేదట. మాడు వాసన మెట్ల మీద దాకా వస్తే, భోజనం తయారైందని పిల్లలు ఆటలాపి ఇంటికి వచ్చేవాళ్ళట. ఒకసారి ఆవిడ కాచిన చారు పిల్లికి పోస్తే అది గిన్నె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పక్క వీధిలో వేరే ఇల్లు చూసుకుందట. ఇవోన్ కొంగు అడ్డం పెట్టుకున్నట్టు ఏప్రన్ అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒరియానోకి పొలమారింది.

"మీరు కాసేపు ఉండాలమ్మా," అన్నాడు ఒరియానో కళ్ళు తుడుచుకుంటూ. "ఒంటిగంటకి మా కార్డినల్ గారొస్తారు. ఆయన తల్లి రగూ ముందు మేం తినేదంతా గడ్డేనట. మీ అమ్మగారి గురించి ఆయనకి చెప్పాలి. జ్వరమొచ్చి పడుకుంటాడు."

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చిన నేరియోకి ముందు అక్క బూడిదరంగు శాలువా కనిపించింది, తర్వాత అక్క కనిపించింది.

"ఏరా," అంది జైరా. "డాక్టరేమన్నాడు?"

హోటలంతా ఇటు తిరిగింది. నేరియో టోపీ చేతిలోనే ఉంది.  ఆ క్షణంలో ఆయన ముందు రెండు దారులున్నాయి. ఆయన మూడోది పట్టాడు.

"నన్ను చూసి ఇంకెవరో అనుకున్నట్టున్నారమ్మా," అన్నాడు.

జైరా ఆయన్ని నిదానంగా చూసింది. తొట్లో పడుకున్నప్పటి నుంచీ ఎరిగిన మొహం. అబద్ధం ఆడితే ఎడమ చెవి ఎర్రబడే మొహం. చెవి చూసింది. ఒరియానో వైపు చూసింది. వంటింటి తలుపు పక్కన ఖాళీగా ఎదురుచూస్తున్న చిన్న బల్ల వైపు చూసింది. కార్డినల్ ఎవరో ఆవిడకి అర్థమైపోయింది.

"అవునండీ, పొరబడ్డాను," అంది. "మా తమ్ముడనుకున్నాను. దగ్గర్నుంచి చూస్తే కాదని తెలుస్తోంది. వాడికి కాస్త బుద్ధుంది."

అందరూ నవ్వారు. ఒరియానో మాత్రం నవ్వకుండా ఈవిడ ముక్కు వైపు ఒకసారి, ఆయన ముక్కు వైపు ఒకసారి చూశాడు. రెండూ ఒకే కొట్లో కొన్నట్టున్నాయి.

నేరియో వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయి ఉంటే పోయేది. కానీ ఎన్నడూ తినకుండా వెళ్ళని మనిషి ఇవాళ వెళితే అనుమానమొస్తుందని భయం. ఇవోన్ పళ్ళెం తెచ్చిపెట్టింది. ఆయన కళ్ళు మూసుకోకుండానే గబగబా తినడం మొదలెట్టాడు.

"ఇవాళేం చెప్పరేంటి కార్డినల్ గారూ?" అంది ఇవోన్ నడుం మీద చేతులు పెట్టుకుని.

"బాగానే ఉంది."

వంటింట్లో గరిటె కిందపడిన చప్పుడైంది.

"అదేంటండీ," అంది జైరా తన బల్ల దగ్గర్నుంచి. "మీ అమ్మగారి రగూ గురించి వీళ్ళు తెగ చెబుతున్నారు. పెద్దదాన్ని, నాక్కూడా కాస్త చెప్పండి. ఏమేం వేసేదావిడ?"

 అందరూ ఎదురుచూస్తున్నారు. ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ అరిగిన కథ. అది ఆయన్ని అడక్కుండానే నోట్లోంచి బయటికొచ్చింది. తెల్లవారకముందే లేచేది. మట్టిమూకుడు పెట్టేది. మూడు రకాల మాంసం తన చేత్తో తరిగేది.

"మూడు రకాలే?" అంది జైరా. "యుద్ధం అయిపోయిన ఆ రోజుల్లోనా?"

"ఎలాగో సంపాదించేది. సన్నటి సెగ మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కలుపుతూనే ఉండేది. ఒక్క క్షణం పక్కకి పోయేది కాదు."

"కునుకు కూడా తీసేది కాదన్నమాట."

"మా అమ్మా? కునుకా?"

"మరి ఉద్యోగానికి ఎప్పుడు వెళ్ళేదండీ?"

"ఉద్యోగమేమిటి," అన్నాడు నేరియో, కథ ఊపులో ఉండి. "మా అమ్మ ఇల్లు దాటి ఎరగదు. పొయ్యీ, పిల్లలూ, అంతే ఆవిడ లోకం."

అంతదాకా జైరా కళ్ళల్లో ఉన్న నవ్వు ఆ మాటతో ఆరిపోయింది. ఫోర్కు పళ్ళెంలో పెట్టింది. ఇవోన్‌కి డబ్బిచ్చి, శాలువా కప్పుకుని, నేరియో బల్ల పక్కనుంచే నడుస్తూ ఆయన వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఇవోన్ తెచ్చిన తియ్యటి క్రీము ముట్టుకోకుండానే ఉండిపోయింది.

నేరియో ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ వంటగదిలో కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉంది.

"అక్కా, హోటల్లో అందరి ముందూ..."

"నన్ను ఎరగనన్నావు. అది పోనీలేరా. నేను బెల్జియందాన్ని, ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేదాన్ని. అమ్మనేం చేశావు?"

"ఏం చేశాను? గొప్పగానే చెప్పాను కదా."

"ఎవరి గురించి చెప్పావు? ఆ మట్టిమూకుడు కింది వాటాలో కొర్రదీనీ గారిది. ఆదివారం ఆదివారం ఆవిడ గుమ్మంలో పిల్లిలా నిలబడేవాడివి. జాలిపడి ఒక గరిటె పెట్టేది. మన అమ్మని తీసి అవతల పారేసి, ఆవిడ అమ్మతనాన్ని తెచ్చి మన ఇంట్లో పెట్టుకున్నావు. ఇల్లు దాటి ఎరగదా అమ్మ?"

నేరియో కుళాయి దగ్గరికెళ్ళి నీళ్ళు పట్టుకున్నాడు. తాగలేదు.

ఎర్మీనియా మేజోళ్ళు అల్లే ఫ్యాక్టరీలో పనిచేసేది. యంత్రాలకి వేళ్ళు పోతున్నాయి, కాపుదల పెట్టండని అడిగి, వినకపోతే ఆడవాళ్ళందర్నీ గేటు ముందు కూర్చోబెట్టింది. పోలీసులు గుర్రాల మీద వచ్చారు. రెండు రాత్రులు ఆవిణ్ణి స్టేషన్లో ఉంచారు. పేటలో ఆడవాళ్ళు స్టేషను కిటికీ కింద నిలబడి పాటలు పాడుతూనే ఉన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళు ఆవిణ్ణి మళ్ళీ లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత ఆస్పత్రిలో నేలలు తుడిచింది. పగలు ఒక వార్డు, సాయంత్రం ఇంకో వార్డు. అందుకే పొయ్యి ముందు నిలబడి నిద్రపోయేది.

"స్కూల్లో నన్ను జైలుదాని కొడుకనేవాళ్ళు," అన్నాడు నేరియో చివరికి.

"నన్ననలేదా?"

"నువ్వు తిరగబడి కొట్టేదానివి. నాకు కొట్టడం రాదు."

"అందుకని అమ్మని మార్చేశావు." జైరా కోటు గుండీలు విప్పింది. తర్వాత, "ఇరీదేకి కూడా ఈ కథే చెప్పావా?" అంది.

నేరియో ఎడమ చెవి ఎర్రగా అయింది.

"ఓరి దేవుడా," అంది జైరా. "కొర్రదీనీ గారి రగూకి నీ పెళ్ళాన్ని బలిచ్చావా?"

ఆ సాయంత్రం ఆవిడ మంచం మీద పెట్టె తెరిచి పెట్టింది. సర్దలేదు, ఊరికే తెరిచి పెట్టింది. "రేపు నన్ను అక్కడికి తీసుకెళ్ళి నేనెవరో చెబుతావు. లేదా రైలెక్కించు. రెండిట్లో నీకేది తేలికో చూసుకో," అంది. నేరియోకి రైలెక్కించడమే తేలిక. రాత్రంతా ఆలోచించినా అదే తేలికనిపించింది. పొద్దున్న లేచి స్టేషను దాకా కూడా నడిచాడు, రైళ్ళ వేళలు కూడా చూశాడు. అక్కడ ప్లాట్‌ఫారం మీద ఎవరో ముసలమ్మ ఒక్కతే పెట్టె ఈడ్చుకుంటూ పోతోంది. నేరియో పౌరుషం ఇసుమంతైనా తగ్గలేదు గానీ, ఆ పెట్టె చక్రాల చప్పుడు ఆయన వినలేకపోయాడు. వెనక్కి వచ్చి, "కోటేసుకో," అన్నాడు.

ఒంటిగంటకి ఇద్దరూ కలిసి హోటల్లోకి వచ్చారు. నేరియో టోపీ తీసి, గదికంతటికీ వినపడేలా చెబుదామనుకున్నాడు. బయటికొచ్చింది మాత్రం బస్సులో చివరి సీటువాడికి కూడా వినపడని గొంతు.

"ఈవిడ మా అక్క."

 టీవీలో ఎవడో కార్ల టైర్ల గురించి చెబుతున్నాడు. ఒరియానో లేచి ఆ టీవీ కట్టేశాడు.

"ముక్కు చూసినప్పుడే అనుకున్నాను," అన్నాడు తిరిగొచ్చి కూర్చుంటూ. "ఇంకోసారి చెప్పు నేరియో, వెనకాల బల్ల దగ్గర తినే ఆస్పత్రి నర్సమ్మలకి వినపడలేదట."

"మా అక్క. జైరా."

ఇవోన్ చేతిలో పళ్ళేలు అలాగే పట్టుకుని దగ్గరికొచ్చింది. "అయితే నేరియో గారూ," అంది చాలా మర్యాదగా, "ఆ పిల్లి ముట్టని చారు?"

"మా అమ్మదే."

"మెట్ల దాకా వచ్చే మాడు వాసన?"

"అదీ మా అమ్మదే."

ముందు ఎవరు నవ్వారో తెలీదు. నేరియో మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీక టోపీలోకి చూస్తూ నిలబడ్డాడు. నవ్వు ఒక బల్ల దగ్గర ఆగితే ఇంకో బల్ల దగ్గర లేచింది. నర్సుల్లో ఒకామె ఏడుస్తూ నవ్వింది. అందులోంచి వంటింటి తలుపు తెరుచుకుని లెయార్కో బయటికొచ్చాడు. మధ్యాహ్నం పూట లెయార్కో బయట కనిపించడం ఆ గది ఎరగదు. నవ్వులు ఆగిపోయాయి.

లెయార్కో నేరియో ఎదురుగా నిలబడి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"నేను నిద్రలో చెయ్యి గుండ్రంగా తిప్పుతున్నానని మా ఆవిడ నన్ను నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది," అన్నాడు. సన్నటి గొంతు. "రగూ కలుపుతున్నాను. మీ అమ్మగారిలా రావాలని." అని, "కూర్చోండి," అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

అక్కా తమ్ముడూ కూర్చున్నారు. కాసేపటికి లోపల్నుంచి ఉల్లిపాయ మాడుతున్న వాసన మొదలైంది. అది పెరిగింది. ఇవోన్ కిటికీ తెరవబోతే ఒరియానో వద్దని చెయ్యి పట్టుకున్నాడు. లెయార్కో స్వయంగా ఒక గిన్నె తెచ్చి నేరియో ముందు పెట్టాడు. నల్లటి చారు. పైన మాడు పొరలు తేలుతున్నాయి.

"మీ అమ్మగారి పద్ధతి," అన్నాడు.

నేరియో గిన్నె వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. జైరా రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి కూర్చుంది. తప్పించుకునే దారి లేదు. ఆయన రుమాలు కాలర్లో దోపుకుని, చెంచా ముంచి, నోట్లో పెట్టుకుని, అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు. పక్క బల్లల వాళ్ళు నమలడం ఆపారు. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"పాపం," అన్నాడు. "మాడు చాల్లేదు."

జైరా ఆ చెంచా లాక్కుని తను కూడా ఒక గుక్క తాగి, నాలుకతో చప్పరించి, నిజాయితీగా తలూపింది. "నిజమే అబ్బాయ్. ఇంకాస్త మాడాలి. అమ్మదైతే నాలుకకి బొగ్గు తగిలేది."

లెయార్కో అందరి ముందూ నవ్వడం అదే మొదలు. అతనికి పై పన్ను ఒకటి లేదని పేటకి ఆ రోజే తెలిసింది.

జైరా రెండు వారాలనుకున్నది నాలుగు వారాలుంది. రోజూ హోటల్లోనే తింది, రోజూ పళ్ళెం బ్రెడ్డుతో తుడిచి తింది. వెళ్ళేటప్పుడు లెయార్కో డబ్బాల నిండా రగూ పెట్టి ఇచ్చాడు. డబ్బా మూత తియ్యడం వచ్చు కనక ఆవిడకి ఇబ్బంది లేదు.

అవమానం మనుషుల్ని మారుస్తుందని అనుకునేవాళ్ళు నేరియోని చూడాలి. ఒక నెలపాటు ఆయన పళ్ళెంలోకి తల వంచి తిని, "బాగుంది," అని లేచిపోయాడు. ఆ "బాగుంది" విన్నప్పుడల్లా లెయార్కోకి కంగారు పుట్టి ఉప్పు రెండుసార్లు చూసుకునేవాడు. తర్వాత ఒకరోజు కొత్తగా వచ్చిన నర్సు ఎవరో అడిగితే నేరియో తల్లి సమ్మె సంగతి చెప్పాడు. నిజమే చెప్పాడు, ఉన్నదున్నట్టే చెప్పాడు. విన్నవాళ్ళు బాగుందన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. వారం తిరిగేసరికి గేటు ముందు కూర్చున్న ఆడవాళ్ళు రెట్టింపయ్యారు. ఆ పై వారం ఫ్యాక్టరీ దాటి ట్రాము పట్టాల దాకా వచ్చారు. పండగ వచ్చేసరికి ఎర్మీనియా పోలీసు గుర్రం కళ్ళెం పట్టుకుని ఆపేసింది.

"ఆపితే గుర్రమేం చేసింది?" అన్నాడు ఒరియానో.

"కూర్చుంది."

"గుర్రం కూర్చుందా?"

"మా అమ్మ కళ్ళల్లోకి చూస్తే ఏదైనా కూర్చునేది."

ఇవోన్ పళ్ళేలు తీస్తూ నిట్టూర్చింది. "నేరియో గారూ, మీకు దణ్ణం పెడతాను. ఆ రగూ కథే నయం. అందులో గుర్రాల్లేవు."

షార్లెరువాకి ఫోను చేసినప్పుడల్లా జైరా అడిగేది, "ఈ వారం అమ్మ ఎంతమందిని పడగొట్టిందిరా?" అని. ఆయన చెబితే, ఆవిడ కొంచెం తగ్గించమనేది. గుర్రాన్ని మాత్రం ఉంచమంది. గుర్రం ఆవిడకి కూడా నచ్చింది.

ఒకసారి అలా మాట్లాడుతూనే, "రిమినీకి చేశావా?" అని అడిగింది. లేదన్నాడు. "గుర్రాన్ని కూర్చోబెట్టినావిడ కొడుకువి, ఒక ఫోను చెయ్యలేవా?" అని పెట్టేసింది.

నేరియో మర్నాడు పొద్దున్న చేశాడు. ఇరీదే పలికింది. ఆయన మొదటి నుంచీ చెప్పాడు, అమ్మ, ఫ్యాక్టరీ, మాడు చారు, కింది వాటా కొర్రదీనీ గారు. గుర్రం సంగతి ఎత్తలేదు. మధ్యలో లైను తెగిందేమోనని ఆయన రెండుసార్లు హలో అన్నాడు.

"ఉన్నాను," అంది. "అయితే నేను అన్నేళ్ళు పోటీ పడింది కింది వాటా ఆవిడతోనా?"

"అవును."

"నా రగూ ఎలా ఉండేది?"

నేరియోకి ఆ ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. బాగానే ఉంది, కానీ. నోరు ఆ "కానీ" దాకా దానంతటదే వెళ్ళబోయింది. పళ్ళు బిగించి ఆపాడు.

"బాగుండేది."

"ఉప్పు?"

"సరిపోయేది."

 ఇరీదే గొంతు ఫోనుకి దూరంగా, ఎవర్నో పిలుస్తున్నట్టు వినపడింది. తర్వాత దగ్గరికి వచ్చింది.

"మా చెల్లెలికిస్తున్నాను. దానికి చెప్పు."

చెల్లెలికి చెప్పాడు. బాగుండేదన్నాడు, ఉప్పు సరిపోయేదన్నాడు. ఆ చెల్లెలు, "కాస్త గట్టిగా బావగారూ, నాకు చెవుడు," అంది. ఆవిడకి చెవుడు లేదని నేరియోకి తెలుసు. గట్టిగా చెప్పాడు. అటు తర్వాత ఫోను ఇంకెవరికో అందింది. పక్క వాటా ఆవిడనని, వేణ్ణీళ్ళ కోసం వచ్చానని, ఏదో చెబుతారటగా చెప్పండని ఆవిడ అంది.

నేరియో నిలబడలేక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చుని, మళ్ళీ మొదటి నుంచీ చెప్పడం మొదలెట్టాడు.